సాగదీసిన విమానం, తడిసిన రన్‌వే: పొడుగుకీ బ్రేకుకీ ఏమిటి సంబంధం?

దసరా సెలవులు అయిపోయి విశాఖ నుంచి బెంగళూరు తిరిగొస్తున్నాం. దేవనహళ్ళి విమానాశ్రయం దగ్గరికి వచ్చేసరికి వాన పట్టుకుంది. కిటికీ అద్దం మీద నీటి చారలు కిందికి జారకుండా అడ్డంగా పరిగెడుతున్నాయి. దిగీ దిగగానే విమానం దబ్బుమంది. పైన అరల్లో సామాన్లు కదిలాయి, వెనక ఎక్కడో ఒక పాప ఏడుపు అందుకుంది. రెక్క మీద పలకలు ఒక్కసారిగా నిటారుగా లేచి, వాటి వెనక నీళ్ళు తెరలా ఎగిరిపోయాయి.

పక్క సీటులో అనకాపల్లి పెద్దాయన. ముందు సీటు వీపుని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. "ఏటి బాబూ, ఇలా దబ్బుమని దించీసినాడు?" అన్నారు.

"వానలో అలాగే దించాలండీ. కావాలనే చేస్తారు" అన్నాను.

ఆయన నమ్మలేదు. "మా అల్లుడు సెప్పినాడు. ఈ పొడుగు విమానాలు వానలో ఆగవట, జారిపోతాయట. దిగేదాకా నాకొకటే టెన్షన్. నిజమేనా?" అల్లుడిది మంగళూరులో ఉద్యోగం. మర్నాడు పొద్దున్నే ఆయన అక్కడికి వెళ్ళాలి.

మేమెక్కింది బోయింగ్ 737 కుటుంబంలో పొడుగు రకమే. వానాకాలంలో ఎక్కడ విమానం రన్‌వే దాటిపోయినా ఈ ప్రశ్న వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేస్తుంది. అల్లుడి మాటలో నిజం ఉంది. కానీ ఆయన అనుకున్న చోట కాదు. అది ఎక్కడుందో చెప్పాలంటే కొంచెం మొదటి నుంచి రావాలి.

విమానాన్ని సాగదీయడం అంటే ఏం చేస్తారు

విమానం ఒళ్ళు ఒక గొట్టం. రెక్కకి ముందు ఒక చోట, వెనక ఒక చోట గొట్టానికి అదనపు ముక్కలు కలిపి, సీట్ల వరసలు పెంచుతారు. కాక్‌పిట్ అదే, రెక్క దాదాపు అదే, పైలట్ల శిక్షణ అదే, విడిభాగాలూ చాలావరకు అవే. కొత్త విమానం మొదటి నుంచి తయారుచేయడంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. అదే ప్రయాణంలో ఇంకో ముప్పై నలభై మంది ఎక్కితే ఒక్కో సీటు మీద పడే ఖర్చూ తగ్గుతుంది. మన టికెట్ ధరలు ఈ మాత్రం అందుబాటులో ఉండటానికి ఇదీ ఒక కారణం.

బోయింగ్ 737 మొదటిసారి ఎగిరింది 1967 ఏప్రిల్ 9న. అప్పుడు దాని పొడవు 28.6 మీటర్లు. 737-800 పొడవు 39.5 మీటర్లు. మ్యాక్స్ 10కి వచ్చేసరికి 43.8. ఎయిర్‌బస్‌దీ అదే దారి: ఏ320 పొడవు 37.6 మీటర్లు, దాన్ని సాగదీసిన ఏ321 పొడవు 44.5.

737 విషయంలో ఒక మెలిక ఉంది. మొదట దాన్ని కావాలనే నేలకి దగ్గరగా తయారుచేశారు. నిచ్చెన లారీలు, సామాన్లెక్కించే యంత్రాలు లేని చిన్న ఊళ్ళలో కూడా మనుషులు చేత్తో సామాన్లెక్కించగలగాలని. పొట్టి విమానానికి పొట్టి కాళ్ళు ఇబ్బంది కాలేదు. ఒళ్ళు పెరుగుతూ వచ్చింది, కాళ్ళు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. 1950ల నాటి డీసీ-8 అనే విమానానికి కాళ్ళు పొడుగు కాబట్టి తర్వాత దాన్ని బాగా సాగదీయగలిగారు. దాని పోటీదారు బోయింగ్ 707కి ఆ అవకాశం దక్కలేదు.

అగ్గిపెట్టె, రెండు స్కేళ్ళు

ఇది ఇంట్లోనే చూడొచ్చు. అగ్గిపెట్టె బల్ల మీద పెట్టి, దాని మీద పదిహేను సెంటీమీటర్ల స్కేలు సరిగ్గా మధ్యకి వచ్చేలా ఉంచండి. ఒక కొస పైకి లేపండి. రెండో కొస బల్లకి తగలడానికి ముందు స్కేలు బాగానే వాలుతుంది. అగ్గిపెట్టె ఎత్తు ఒకటిన్నర సెంటీమీటర్లయితే సుమారు పదకొండున్నర డిగ్రీలు. ఇప్పుడు ముప్పై సెంటీమీటర్ల స్కేలు పెట్టండి. ఆరు డిగ్రీలు కూడా వాలకముందే కొస బల్లకి తగిలేస్తుంది.

అగ్గిపెట్టె స్థానంలో ప్రధాన చక్రాలు, వెనక కొస స్థానంలో తోక ఉన్నాయనుకోండి. చక్రాలు నేల మీద ఉండగా ముక్కు ఎంత లేపితే తోక రాసుకుంటుందో చూస్తే, పొట్టి రకం 737-700కి సుమారు 14.7 డిగ్రీలు, దానికన్నా పొడుగైన 800కి 11, ఇంకా పొడుగైన 900కి 10. ఈ మూడింటికీ రెక్క ఒకటే.

ముక్కు లేపడం ఎందుకంత ముఖ్యం? విమానం నెమ్మదిగా ఎగరాలంటే రెక్క గాలికి ఎక్కువ కోణంలో ఎదురు నిలవాలి, అంటే ముక్కు పైకి ఉండాలి. నేలకి తాకే ముందు పైలట్ ఇంకొంచెం లేపుతాడు కూడా. పొడుగు విమానంలో ఆ చివరి లేపుడుకి జాగా తక్కువ, తోక నేలకి గీసుకుంటే లక్షల డాలర్ల మరమ్మతు. అందుకని ముక్కు కాస్త కిందికి ఉంచి, ఆ తగ్గిన ఎత్తుడు బలాన్ని వేగంతో పూడ్చుకుంటారు. దీనికి తోడు పొడుగు విమానం బరువూ ఎక్కువే, అదే రెక్క మీద ఎక్కువ బరువు మోయడానికి మళ్ళీ వేగమే కావాలి. తోక, బరువు, రెండూ కలిసి విమానాన్ని వేగంగా దిగమంటాయి.

గరిష్ఠ ల్యాండింగ్ బరువు దగ్గర 737-700 సుమారు 130 నాట్లతో వస్తుంది, అంటే గంటకి 241 కిలోమీటర్లు. 800 సుమారు 142 నాట్లతో వస్తుంది, 263 కిలోమీటర్లు.

పన్నెండు నాట్లు చాలా చిన్న తేడా కాదు

వేగం తొమ్మిది శాతం పెరిగింది. కానీ ఆపాల్సింది వేగాన్ని కాదు, వేగంలో దాగిన శక్తిని. శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 142ని 130తో భాగించి వర్గం చేస్తే 1.19 వస్తుంది. అంటే ఒక్కో కిలో బరువుకి 19 శాతం ఎక్కువ శక్తి.

దూరంలోకి మార్చి చూద్దాం. తడి రన్‌వే మీద విమానం ప్రతి సెకనూ తన వేగంలోంచి సెకనుకి 2 మీటర్లు తగ్గించుకుంటుందని అనుకుందాం. ఇది లెక్క సులువు కోసం నేను పెట్టుకున్న అంకె. 130 నాట్లు అంటే సెకనుకి సుమారు 67 మీటర్లు, ఆగడానికి 1,120 మీటర్లు పడుతుంది. 142 నాట్లు అంటే సెకనుకి 73 మీటర్లు, ఆగడానికి 1,330 మీటర్లు. తేడా 210 మీటర్లు. రెండు విమానాలకీ ఒకే బ్రేకు పట్టు ఇచ్చినా పొడుగుదానికి రెండు ఫుట్‌బాల్ మైదానాలంత నేల ఎక్కువ కావాలి.

పొడి రన్‌వే మీద ఈ తేడా ఇంతగా కనిపించదు. బ్రేకు గట్టిగా పడుతుంది, సెకనుకి తగ్గే వేగం ఎక్కువ, రెండు దూరాలూ కుంచించుకుపోతాయి. నేల జారేకొద్దీ అవే పన్నెండు నాట్ల విలువ మీటర్లలో పెరుగుతుంది. పెద్దాయన అల్లుడి మాటలో నిజం ఉన్న చోటు ఇదే. వాన పడటం వల్ల పొడుగు విమానానికి కొత్త జబ్బేమీ రాదు. పొడిలో కనిపించకుండా ఉన్న ఖర్చు వానలో బిల్లుగా బయటికొస్తుంది.

తడిలో టైరుకి ఏమవుతుంది

వానలో కారు నడిపిన ప్రతివాళ్ళకీ ఈ అనుభవం తెలిసే ఉంటుంది. హైదరాబాద్ హైవే మీద దేవనహళ్ళి దాటాక నిలిచిన నీళ్ళలోకి వేగంగా వెళ్తే స్టీరింగ్ ఒక్కసారి తేలిపోతుంది. టైరు నీళ్ళని పక్కకి నెట్టే వేగం కన్నా నీళ్ళలోకి దూసుకెళ్ళే వేగం ఎక్కువైనప్పుడు, టైరు నీటి పొర మీదకి ఎక్కేస్తుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు.

నాసా పరిశోధకులు 1963లో దీనికొక చిన్న సూత్రం ఇచ్చారు. టైరులో గాలి ఒత్తిడిని పీఎస్ఐలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే తేలిపోయే వేగం నాట్లలో వస్తుంది. కారు టైరు 32 పీఎస్ఐ అనుకుంటే సుమారు 51 నాట్లు, గంటకి 94 కిలోమీటర్లు. హైవే మీద స్టీరింగ్ తేలిపోయే వేగం అటూ ఇటూగా అదే. 737 లాంటి విమానం టైరు 200 పీఎస్ఐ ఉంటే 127 నాట్లు.

ఇప్పుడు ఆ 127ని 130, 142 పక్కన పెట్టి చూడండి. నీళ్ళు బాగా నిలిచిన రన్‌వే మీద పొట్టి విమానం ఆ గీతకి కొంచెమే పైన దిగుతుంది, ఒకటి రెండు సెకన్లలో కిందికి వచ్చేస్తుంది. పొడుగుది 15 నాట్లు పైన దిగుతుంది. ఆ 15 నాట్లు కరిగేదాకా చక్రాల బ్రేకు మీద పెద్దగా ఆశ పెట్టుకోలేం. బరువైన విమానానికి టైరు ఒత్తిడి కాస్త ఎక్కువ పెడతారు కాబట్టి గీత కూడా కొంచెం పైకి జరుగుతుంది, నిజమే. కానీ వర్గమూలం కాబట్టి చాలా కొద్దిగానే జరుగుతుంది. పైగా ఇది అరవై ఏళ్ళ కిందటి టైర్లతో తేల్చిన సూత్రం. ఇప్పటి రేడియల్ టైర్లు ఇంకా తక్కువ వేగంలోనే తేలిపోవచ్చు.

నీళ్ళు మడుగుగా నిలవకపోయినా జారుడు తప్పదు. వేలాది టైర్లు వదిలిన రబ్బరు పూత మీద పల్చటి నీటి పొర చాలు. బాత్రూమ్ టైల్స్ మీద సబ్బు నీళ్ళ లాంటిది. అందుకే రన్‌వేలకి అడ్డంగా సన్నటి గాళ్ళు కోస్తారు, రబ్బరు పూతని ఎప్పటికప్పుడు గీకించేస్తారు.

పెద్దాయన్ని భయపెట్టిన ఆ దబ్బుమనే చప్పుడు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. మెత్తగా దించితే టైరు నీటి పొర మీద పాకుతుంది, చక్రం వెంటనే తిరగదు. గట్టిగా దించితే టైరు పొరని చీల్చుకుని నేలని పట్టుకుంటుంది, చక్రం తిరుగుతుంది. చక్రం తిరిగిందని తెలిశాకే రెక్క మీద స్పాయిలర్లు (ఇందాక నిటారుగా లేచిన ఆ పలకలు) లేవడం, చక్రం జామ్ కాకుండా చూసే యాంటీస్కిడ్ పనిచేయడం సరిగ్గా మొదలవుతాయి. మన కార్లలో ఏబీఎస్ రావడానికి ముందే విమానాల్లో ఉన్న పరికరం ఈ యాంటీస్కిడ్. దూది మీద పెట్టినట్టు దించడం కోసం గాల్లో తేలుతూ పోతే ఆ తేలిన ప్రతి సెకనూ రన్‌వే తినేస్తుంది. 145 నాట్ల వేగంలో ఒక సెకను అంటే 75 మీటర్లు.

బరువు గురించి అందరూ అనుకునేది సగమే నిజం

పొడుగు విమానం బరువు కాబట్టి తడిలో ఆగదు అనుకోవడం సహజం. లోడు లారీ ఉదాహరణ వెంటనే గుర్తొస్తుంది. కానీ తడి నేల మీద బ్రేకు పట్టుకి హద్దు గీసేది బ్రేకు బలం కాదు, టైరుకీ నేలకీ మధ్య రాపిడి. బరువు పెరిగితే నేలని నొక్కే బలమూ అదే పాళ్ళలో పెరుగుతుంది, రాపిడీ పెరుగుతుంది. ఆపాల్సిన బరువు ఎంత పెరిగిందో ఆపే బలమూ అంతే పెరిగింది. రెండూ కొట్టేసుకుంటాయి. అందుకే పై లెక్కలో నేను బరువు ఊసే ఎత్తలేదు.

బరువు దెబ్బ పక్క దారిన వస్తుంది. ఒకటి, ఇందాక చెప్పినట్టు వేగాన్ని పెంచి. రెండోది ఇంజన్ల దగ్గర. దిగాక ఇంజన్ గాలిని ముందుకి మళ్ళించి ఆపే రివర్స్ థ్రస్ట్ బలం ఇంజన్ సైజుని బట్టి ఉంటుంది కానీ విమానం బరువుని బట్టి కాదు. అదే బలం ఎక్కువ బరువు మీద పనిచేస్తే ఫలితం తగ్గుతుంది. పొడి రన్‌వే మీద ఆటోబ్రేకు తనకి చెప్పిన లెక్కన వేగం తగ్గిస్తూ పోతుంది. రివర్సర్ సాయం చేస్తే ఆ మేరకి బ్రేకుని వదులు చేస్తుంది, ఆగే దూరం పెద్దగా మారదు. తడిలో బ్రేకు ఎటూ ఆ లెక్కని అందుకోలేదు కాబట్టి రివర్సర్ ఇచ్చే ప్రతి కిలో బలమూ నేరుగా దూరాన్ని తగ్గిస్తుంది. సరిగ్గా అవసరమైనప్పుడే పొడుగు విమానానికి ఆ సాయం పలచబడుతుంది.

బెంగళూరు ఎత్తు, చెన్నై చదును

మన ఊరి సంగతి చాలామందికి తట్టదు. చెన్నై విమానాశ్రయం దాదాపు సముద్రమట్టం దగ్గర ఉంటే, బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయం సుమారు 915 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తున గాలి పల్చన. పైలట్ ముందున్న వేగసూచిక గాలి ఒత్తిడిని చూసి చెప్తుంది కాబట్టి రెండు చోట్లా 142 అనే చూపిస్తుంది. కానీ పల్చటి గాలిలో అంత ఒత్తిడి రావాలంటే నిజంగా ఇంకా వేగంగా వెళ్ళాలి.

వాన రాత్రి చెన్నైలో 28 డిగ్రీలు, బెంగళూరులో 22 డిగ్రీలు అనుకుని లెక్క వేస్తే, అదే 142 చెన్నైలో నిజానికి 145 నాట్లు, బెంగళూరులో 152 నాట్లు. శక్తిలో పది శాతం తేడా. ఒకే విమానం, ఒకే బరువు, ఒకే పైలట్. ఊరు మారితే చాలు.

అందుకే రన్‌వే పొడవుని ఊరు చూడకుండా పోల్చకూడదు. బెంగళూరు రన్‌వేలు రెండూ 4,000 మీటర్లు, చెన్నై ప్రధాన రన్‌వే 3,658. కాగితం మీద తేడా 340 మీటర్లు. ఎత్తు అందులో కొంత తినేస్తుంది. అయినా రెండు చోట్లా మిగులు బాగానే ఉంటుంది, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో కూడా.

తయారీదారులు ఏం చేశారు

సాగదీస్తే వచ్చే ఇబ్బంది ఇంజనీర్లకి తెలియక కాదు. బ్రెజిల్‌లో రియో నగరం మధ్యలో శాంటోస్ డుమాంట్ అనే విమానాశ్రయం ఉంది, రన్‌వే 1,323 మీటర్లే. అక్కడ 737-800 దింపాలని ఒక సంస్థ అడిగితే బోయింగ్ 2006 నాటికి ఒక ప్యాకేజీ తయారుచేసింది. దిగాక స్పాయిలర్లు ఇంకా ఎక్కువ లేస్తాయి. అన్నిటికన్నా తెలివైన భాగం తోక కింద ఉండే చిన్న కాలు. దిగేటప్పుడు అది ఇంకొంచెం బయటికి వస్తుంది. తోక నేలకి రాసుకోకుండా అది కాపలా కాస్తుంది కాబట్టి, ఆ భయంతో పెంచి పెట్టుకున్న వేగాన్ని కొంత తగ్గించుకోవచ్చు. తోక కింద ఒక చిన్న ముక్క బ్రేకు దూరాన్ని తగ్గిస్తుందంటే మొదట నాకూ నమ్మబుద్ధి కాలేదు. అగ్గిపెట్టె స్కేళ్ళ ఆట ఆడి చూశాకే నమ్మకం కుదిరింది.

ఎయిర్‌బస్ ఏ321కి రెక్క వెనక ఫ్లాప్స్‌ని (దిగేటప్పుడు కిందికి వాలి ఎత్తుడు బలం పెంచే పలకలు) ఒక వరస బదులు రెండు వరసలు పెట్టింది, రెక్క వైశాల్యమూ కొంచెం పెంచింది. పైగా ఏ320 పుట్టుకతోనే 737 కన్నా ఎత్తుగా నిలబడింది. కాబట్టి పొడుగు విమానాలన్నిటినీ ఒకే గాటన కట్టడం కుదరదు. ఎంత సాగదీశారన్నదే కాదు, సాగదీశాక ఏం సర్దారన్నదీ చూడాలి.

ప్రమాదాలు ఏం చెప్తున్నాయి

పొడుగే కారణం అనేవాళ్ళు 737-800 పేరున్న జాబితా చూపిస్తారు. 2009 డిసెంబర్‌లో జమైకాలోని కింగ్‌స్టన్, 2011లో గయానాలోని జార్జ్‌టౌన్, 2020 ఫిబ్రవరిలో ఇస్తాంబుల్, అదే ఏడాది ఆగస్టు 7న మన కోళికోడ్. అన్నిటిలోనూ విమానం రన్‌వే చివర దాటిపోయింది. వేగంగా దిగే విమానం, తడికి తక్కువ సహనం, ఇది యాదృచ్ఛికం కాదని వాళ్ళ వాదన.

కాదనేవాళ్ళ దగ్గరా బలమైన జవాబులున్నాయి. 737-800లు దాదాపు 5,000 తయారయ్యాయి. అన్ని ఊళ్ళలో, అన్ని వానల్లో దిగే విమానం కాబట్టి జాబితాలో దాని పేరు ఎక్కువగానే కనిపిస్తుంది. 2007లో సావోపాలోలో 199 మందిని బలిగొన్న ప్రమాదంలో ఉన్నది సాగదీయని ఏ320. అక్కడ కొత్తగా పరిచిన రన్‌వేకి ఇంకా గాళ్ళు కోయలేదు, నేల తడిగా ఉంది, ఒక రివర్సర్ పనిచేయడం లేదు, ఒక ఇంజన్ లీవరు వెనక్కి రాలేదు. 1999లో బ్యాంకాక్‌లో వానలో రన్‌వే దాటిపోయినది 747.

కోళికోడ్ దగ్గర నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే ఆ రాత్రి పోయిన 21 మంది కరోనా రోజుల్లో ఇంటికి తిరిగొస్తున్న విమానంలోని వాళ్ళు. బల్లలా చదును చేసిన కొండ మీద రన్‌వే, 2,700 మీటర్లు. వాన, వెనక నుంచి గాలి. దర్యాప్తు నివేదిక ప్రకారం విమానం మొదటి 1,350 మీటర్లు గాల్లోనే దాటేసి, దాదాపు సగం రన్‌వే అయిపోయాక నేలని తాకింది. మళ్ళీ పైకి లేపమని రెండో పైలట్ చెప్పినా ల్యాండింగ్ కొనసాగించారని, అస్థిరంగా సాగిన దిగుడుని ఆపకపోవడమే ప్రధాన కారణమని నివేదిక తేల్చింది. సగం రన్‌వే వృథా అయ్యాక పొట్టి విమానమైతే గట్టెక్కేదని చెప్పడానికి నాకు నోరు రాదు. అంతకు పదేళ్ళ ముందు, 2010 మే 22న మంగళూరులో 158 మంది పోయిన ప్రమాదంలోనూ విమానం బాగా ముందుకి వెళ్ళాకే నేలని తాకింది. అక్కడ వాన ఊసే లేదు.

నా మటుకు నాకు రెండు వాదనలూ ఒకే డబ్బు సంచి గురించి మాట్లాడుతున్నాయనిపిస్తుంది. రన్‌వే మీద మిగులు మీటర్లే ఆ సంచి. పొడుగు విమానం అందులోంచి ఒకటి రెండు వందలు ముందే తీసేసుకుంటుంది. తర్వాత వెనక గాలి కొంత, తడి కొంత, ఆలస్యంగా తాకడం కొంత తీసుకుంటాయి. చివరి రూపాయి ఎవరు తీశారన్నదే దర్యాప్తులో కనిపిస్తుంది, మొదట తీసినవాళ్ళు కనిపించరు. అలాగని మొదట తీసిన వాళ్ళదే తప్పు అనీ అనలేం. ఆ ఖర్చు ముందే అందరికీ తెలుసు, పట్టికల్లో రాసే ఉంది.

రూల్ పుస్తకంలో తడి

బయల్దేరే ముందే ఒక లెక్క వేస్తారు. పరీక్షా విమానం పొడి నేల మీద 1,000 మీటర్లలో ఆగిందనుకోండి, అది రన్‌వేలో 60 శాతం దాటకూడదు. అంటే రన్‌వే కనీసం 1,667 మీటర్లు ఉండాలి. తడిగా ఉండే అవకాశం ఉంటే ఇంకో 15 శాతం కలిపి 1,917. గాల్లో ఉండగా, దిగే ముందు అప్పటి వాతావరణంతో మళ్ళీ లెక్క చూసుకుని దాని మీద 15 శాతం మిగులు ఉంచుకోవడం ఆనవాయితీ. 2021 నవంబర్ నుంచి ప్రపంచమంతటా రన్‌వే స్థితిని 0 నుంచి 6 దాకా అంకెలతో చెప్తున్నారు. పొడి 6. మామూలు తడి 5. నీళ్ళు 3 మిల్లీమీటర్లకి మించి నిలిస్తే ఒక్కసారే 2కి పడిపోతుంది.

వివాదమల్లా దిగే ముందు ఉంచుకునే ఆ 15 శాతం మీదే. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2015లోనూ 2019లోనూ హెచ్చరించింది: జోరు వానలో కొన్ని రన్‌వేల మీద నిజమైన పట్టు పట్టికల్లో రాసినదాని కన్నా తక్కువ ఉంది, అలాంటి చోట 30 నుంచి 40 శాతం అదనపు దూరం పట్టవచ్చు అని. పొడుగు విమానానికి ఆ శాతం ఎక్కువ మీటర్లవుతుంది, ఎందుకంటే శాతం కట్టే మొదటి అంకే పెద్దది.

సామాన్ల బెల్టు దగ్గర వేసిన లెక్క

సామాన్లు రావడం ఆలస్యమైంది. పెద్దాయన నన్ను వదల్లేదు. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాను. పైలట్ల లెక్క ఇంతకన్నా చాలా వివరంగా ఉంటుందనీ, ఇది గరిష్ఠ బరువుతో, నేను అనుకున్న బ్రేకు పట్టుతో వేసిన అంచనా మాత్రమేననీ ముందే చెప్పాను.

రన్‌వే మొదలు దాటి నేలని తాకేదాకా 450 మీటర్లు. బ్రేకులూ స్పాయిలర్లూ పూర్తిగా పట్టేదాకా రెండు సెకన్లు. తర్వాత ఆగే దూరం. మొత్తం మీద 15 శాతం. బెంగళూరులో నిజమైన వేగం 152 నాట్లతో ఇది సుమారు 2,450 మీటర్లు వచ్చింది. రన్‌వే 4,000. మిగులు 1,550.

"మా వైజాగ్‌లో?" అన్నారు.

సముద్రమట్టం కాబట్టి వేగం 145. సుమారు 2,290 మీటర్లు. అక్కడి రన్‌వే 3,050. మిగులు 760.

ఆయన పెట్టె బెల్టు మీద కనిపించింది, పసుపు తాడు కట్టిన నల్ల పెట్టె. అందుకోబోయి ఆగారు. "మరి రేపు మంగళూరు?"

సముద్రమట్టం లెక్కే దాదాపుగా సరిపోతుంది, 2,290. అక్కడి రన్‌వే 2,450. మిగులు 160 అని చెప్పాను. అందుకే అలాంటి చోట పైలట్లు బరువు తగ్గించుకుని వస్తారనీ, సరిగ్గా గీత మీదే దించుతారనీ, వాన మరీ జోరుగా ఉంటే దిగకుండా ఇంకో ఊరు వెళ్ళిపోతారనీ కూడా చెప్పాను.

"నూట అరవై మీటర్లంటే గాల్లో ఎంతసేపు బాబూ?"

"రెండు సెకన్లండీ" అన్నాను.

ఆయన పెట్టె దించుకుని పక్కన పెట్టుకున్నారు. "అయితే రేపు కూడా దబ్బుమనే దించమను" అన్నారు.